పిలిచే పేరుకు చోటేది?

1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్‌లో వెలువడిన తొలి టెలిఫోన్ డైరెక్టరీ ఒక్క కాగితం. అందులో సుమారు 50 పేర్లున్నాయి, నంబర్లు లేవు. పేరు చెబితే ఆపరేటరు కలిపేవాడు. నేటి ఉద్యోగుల డైరెక్టరీ యాప్‌లలో నంబర్లకు కొదవ లేదు. చిక్కంతా పేరుతోనే.

మస్కట్ శివారు అల్ మవాలే వంటి చోట ఒమానీలూ తెలుగువారూ కలిసి పనిచేసే సంస్థనే తీసుకుందాం. ఒమానీ పేరులో ‘బిన్’ తరువాత తండ్రి పేరు, చివర తెగ పేరు వస్తాయి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందుంటుంది. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అన్న రెండు గడులలో ఈ రెండు సంప్రదాయాలూ ఇమడవు. పాస్‌పోర్టు చూసి నింపితే, అందరూ ‘శీను’ అని పిలిచే మనిషి వెతికినా దొరకడు. ఒకసారి నిరాశపడినవారు మళ్ళీ వాట్సాప్ గ్రూపునే ఆశ్రయిస్తారు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఆఫీసు ఈమెయిల్ ఖాతాల ఆధారంగా తయారైన పట్టికలో, ఖాతా లేని డ్రైవర్లూ పారిశుద్ధ్య కార్మికులూ ఉండరు. వారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఇంటికి కబురందించే దారి ఆ యాప్ చూపలేదు. వారినీ చేర్చాలి, అయితే అడిగి చేర్చాలి. ఒమాన్ 2022లో తెచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికీ సమ్మతే పునాది.

యాప్ వాడకం పెరగాలంటే ప్రచార పోస్టర్లకన్నా ముందు రెండు మార్పులు అవసరం: పిలిచే పేరుకొక గడి, ఈమెయిల్ లేనివారికి ఫోన్ నంబరుతో ప్రవేశం.