అదనూ పదునూ

కథలో ఎవరైనా కత్తి నూరుతూ కనబడితే చాలు, ఎవరికో మూడిందని మనం లెక్క వేసేసుకుంటాం. సినిమాలు మనకి నేర్పిన చదువు అది. కాని కత్తి నూరడంతోనే మొదలై, ఆ కత్తి కింద ఒక్క రక్తపు బొట్టయినా రాలకుండా ముగిసి, ఆ పైన మనల్ని రాత్రి నిద్రపోనివ్వని కథ ఒకటుంది. రాసినాయన కొలంబియా దేశస్థుడు, ఎర్నాందో తేయెస్. 1950లో వచ్చిన ఆయన కథల సంపుటిలో వుందిది. స్పానిష్‌లో పేరు ‘ఎస్పూమా ఇ నాదా మాస్’. అంటే నురుగు, అంతకు మించి ఏమీ లేదు అని. చాలా చిన్న కథ. పొయ్యి మీద పప్పు వుడికేలోగా చదివెయ్యొచ్చు. మరిచిపోవడం మాత్రం అంత తేలిక కాదు.

ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. 1948 ఏప్రిల్ 9న బొగొతా నగరం నడివీధిలో గైతాన్ అనే జనం మెచ్చిన నాయకుణ్ణి కాల్చి చంపారు. ఆ తరవాత పదేళ్ళ పాటు రెండు పార్టీల వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళే తగలబెట్టుకున్నారు. సుమారు రెండు లక్షల మంది పోయారని అంచనా. ఆ మంటల మధ్య పుట్టిందీ కథ.

ఊళ్ళో ఒక క్షురకుడు. పేరు లేదు. పైకి తన పనేదో తను చేసుకునే మనిషి, లోపల తిరుగుబాటుదార్లకి కబుర్లు అందించే మనిషి. తోలుపట్టీ మీద తన కత్తుల్లోకెల్లా మంచి కత్తిని సాపు చేస్తుండగా కెప్టెన్ తోర్రెస్ లోపలికొస్తాడు. తిరుగుబాటుదార్లని వేటాడి వేటాడి నాలుగు రోజుల గడ్డంతో వచ్చాడు. పధ్నాలుగు మందిని పట్టుకున్నామంటాడు. ఇదివరకోసారి నలుగుర్ని చంపి, బడి ఆవరణలో వేలాడదీసి, ఊరందర్నీ పిలిపించి చూపించిన పెద్దమనిషే ఈయన. సాయంత్రం ఆరింటికి బడి దగ్గర ఇంకో వేడుక వుందని, రమ్మని పిలుస్తాడు కూడా. తుపాకీ కొక్కేనికి తగిలించి, కుర్చీలో వెనక్కి వాలి, గొంతు అప్పగించి కళ్ళు మూసుకుంటాడు.

ఇక కథంతా ఆ గడ్డం గీయడమే. చంపుదునా, మానుదునా? చంపితే వీరుడినా, హంతకుడినా?

దీని మీద మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఒకటే తర్కం పట్టుకుంటారు: ఆ క్షురకుడు పిరికివాడా, ధర్మాత్ముడా? నాకైతే జవాబు ఆయన ఆలోచనల్లో లేదు, తోలుపట్టీ మీద వుందనిపిస్తుంది. ఎందుకంటారా? ముందు ఆ కత్తి సంగతి తెలియాలి. ఇప్పుడు సెలూన్లన్నిటా వాడి పారేసే బ్లేడే కాబట్టి ఈ కాలం పిల్లలు పాత మంగలికత్తిని చూసి వుండరు. పిడిలోకి మడుచుకుంటుంది. వీపు దళసరి, అంచు పల్చన. దానికి సంరక్షణ రెండు రకాలు. ఒకటి సానరాయి మీద నూరడం. ఇది ఎప్పుడో కొన్ని నెలలకోసారి. వీపూ అంచూ రెండూ రాయికి ఆనేలా పరిచి, అంచు ముందుండేలా నడిపిస్తారు. రెండోది తోలు మీద సాపు చెయ్యడం. ఇది ప్రతి గడ్డానికీ ముందు వుండాల్సిందే. ఇక్కడ నడక తిరగబడుతుంది: వీపు ముందు, అంచు వెనక. పట్టీ చివరికి రాగానే కత్తిని వీపు మీదనే దొర్లించి వెనక్కి తేవాలి. అంచు మీద తిప్పారో, తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. గట్టిగా ఒత్తకూడదు. రాయి ఉక్కుని అరగదీసి అంచు పుట్టిస్తుంది, తోలు ఆ అంచుని తీరుస్తుంది. పనయ్యాక తడి లేకుండా తుడిచి ఆరబెట్టాలి, లేదంటే తుప్పు.

ఇంత చాకిరీ ఎందుకయ్యా అంటే, తెగకుండా వుండటానికి! విడ్డూరంగా వుందా? మనకి విడ్డూరమేముంది! మొండి కత్తిపీటకే వేలు తెగుతుందని వంటింట్లో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పదునుంటే వంకాయ దానంతటదే విడిపోతుంది. మొండిదైతే బలం పెడతాం, జారుతుంది. గడ్డమూ అంతే. మొండి కత్తి వెంట్రుకని పీకి, చర్మాన్ని గీరుతుంది. పదును కత్తి వెంట్రుకని కోసి, చర్మాన్ని వదిలేస్తుంది.

ఇప్పుడు కథలోకి రండి. సగం గడ్డం అయ్యాక ఆ క్షురకుడు ఆగి, కత్తి తుడిచి, మళ్ళీ తోలుపట్టీ అందుకుంటాడు. చదివేవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది, ఇదిగో కొయ్యబోతున్నాడని. కాని గొంతు కొయ్యడానికి అంత పదునెందుకు? వున్నది చాలును. రెండోసారి సాపు చేసింది కొయ్యడానికి కాదు, ఒక్క రోమకూపం దగ్గర కూడా నెత్తురు చిమ్మకుండా వుండటానికి. అంటే, మనసింకా ఊగిసలాడుతుండగానే చెయ్యి తేల్చేసింది. ఏళ్ళ తరబడి ఒకే పని శ్రద్ధగా చేసిన చెయ్యి అది. ఈ ఒక్క ముక్కలో తేయెస్ చెప్పినంత, మిగతా పేజీల్లోని మీమాంసంతా కలిపినా చెప్పలేదు.

మరి ఇందులో లోపం లేదా అంటే, వుంది. తలుపు దగ్గర వెళ్తూ వెళ్తూ కెప్టెన్ ఒక మాట అంటాడు. అదేమిటో ఇక్కడ చెప్పి మీ సరదా పాడుచెయ్యను. చాలామంది ఆ మాటకే చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ మాటతో కథ అన్యాయంగా కెప్టెన్ వేపు ఒరిగిపోయిందనిపిస్తుంది. అప్పటిదాకా మౌనంగా చెమటోడ్చిన మనిషిని పక్కకి నెట్టి, ఉరికంబాల మనిషి ధీరుడిలా వీధిలోకి నడిచిపోతాడు. ఆ మెరుపు లేకపోయినా కథ నిలబడేది.

ఇంకో మాట. కథలో ఆడమనిషి అన్నదే కనబడదు. బడి ఆవరణకి ఊరందర్నీ పిలిపించినప్పుడు అందులో తల్లులు లేరా? ఆ పధ్నాలుగు మందికీ అమ్మలు లేరా? సాయంత్రం ఆరు కొడుతుంది. క్షురకుడి చేతులకి నెత్తురు అంటలేదు, నిజమే. కాని ఆ శుభ్రతకి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? రచయిత దీన్ని పైకి అడగడు. అడగడని తప్పు పట్టబోయాను గాని, ఆరింటి పిలుపుని అంత మామూలుగా ఆ కెప్టెన్ నోట పెట్టించింది ఆయనే కదా. మనమే అడుక్కోవాలని వదిలిపెట్టాడు.

పదును అంటే మనకి కత్తి వాడి ఒక్కటే కాదు. విత్తడానికి అనువైన నేల తడి కూడా పదునే. అందుకే అదనూ పదునూ చూసి విత్తమంటారు రైతులు. ఆ క్షురకుడికి ఆ రోజు అదనూ దొరికింది, పదునూ చేతిలోనే వుంది. అయినా తన పని తను చేసి, కూలి డబ్బులు తీసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం వుంది. ఆ గౌరవం కాస్త ఇబ్బంది పెడుతూనే వుంది.

కథ దొరికితే చదవండి. ఒకసారి ఆ కుర్చీ వెనక నిలబడ్డ మనిషిగా, ఇంకోసారి ఆ పధ్నాలుగు మందిలో ఒకడి తల్లిగా. రెండోసారి కూడా ఆయన్ని మెచ్చుకోగలిగారేమో, అప్పుడు చెప్పండి.