ఓడ కంటే ముందు ఓర్వకల్లు

సముద్రం చూడాలంటే రైలెక్కి మద్రాసు పోవాల్సిన సీమ మనది. అట్లాంటి కర్నూల్లో ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర అలాస్కా ఓడ ముచ్చట్లు వినబడుతున్నాయి. పిల్లలు డాలస్‌లోనో సియాటెల్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు నాలుగైదు నెలలు ఉండి రావడానికి వెళ్తారు. వాళ్లను నాలుగ్గోడల మధ్య కూర్చోబెట్టడం ఇష్టం లేక పిల్లలు ఒక వారం క్రూజ్‌కు డబ్బు కడతారు. టికెట్లు చూసిపెట్టే మనిషినని వీధిలో నాకో పేరు పడిపోయింది గనుక ఆ వారం తాలూకు సందేహాలు నా గడప తొక్కుతాయి. మొన్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చారు. "ఏమప్పా, ఓడ కంపెనీవాళ్లే విమానం టికెట్టు కూడా ఇస్తామంటాండారు. వాళ్ల దగ్గరే తీసుకుంటే మేలా, మన పాటికి మనం చూసుకుంటే మేలా?"

అందరూ ముందు ధర చూస్తారు. అది తప్పని అనను గానీ, తేలిగ్గా తేలే లెక్క అదొక్కటే. రాయల్ కరీబియన్ వాళ్ల ఎయిర్‌టుసీ, ప్రిన్సెస్ వాళ్ల ఈజీఎయిర్ లాంటివి విమాన కంపెనీలతో ముందే కుదుర్చుకున్న ధరలకు టికెట్లు అమ్ముతాయి. ఒకవైపు మాత్రమే వెళ్లే టికెట్ అయితే ఒక్కోసారి బజారు కంటే చవక. కానీ చవక టికెట్‌కు దారి వాళ్లు చూపిందే. రెండు చోట్ల దిగి ఎక్కాల్సి రావచ్చు. మార్చుకోవాలని విమాన కంపెనీకి ఫోన్ చేస్తే, ఓడ కంపెనీని అడగమంటారు. తేదీ మంగళవారం పడిందనుకోండి, పెద్దావిడ ఇల్లు కదలదు. ముందు రోజు మంచి ఘడియలో ఒక సంచీ పక్కింట్లో పెట్టి ప్రస్థానం చేయాలి. మన టికెట్ మనమే తీసుకుంటే బుధవారం చూసుకుంటాం.

ఇక్కడి ఏజెంటు దగ్గర ఓడా విమానమూ కలిపి కొంటే మరో మెలిక ఉంది. 2020 అక్టోబరు నుంచి విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు ఆదాయపు పన్ను కింద టీసీఎస్ అనే మొత్తాన్ని ముందే వసూలు చేయాలి. ఉత్త విమానం టికెట్ ఒక్కటే కొంటే అది ప్యాకేజీ కిందికి రాదని 2023లో పన్నుల శాఖ వివరణ ఇచ్చింది. రిటర్ను వేస్తే ఆ డబ్బు సర్దుబాటు అవుతుంది, నిజమే. పెన్షన్ మీద బతికేవాళ్లకు అప్పటిదాకా చేతిలో ఉండదు, అదీ నిజమే.

అసలు సంగతి ఆలస్యం. ఓడ ఎవరి కోసమూ ఆగదు. లంగరు ఎత్తడానికి గంట, గంటన్నర ముందే ఎక్కడం ఆపేస్తారు. విమానం టికెట్ వాళ్ల దగ్గర కొన్నవాళ్ల పేర్లు వాళ్ల జాబితాలో ఉంటాయి. విమానం లేటైతే ఇంకో దారి వెతుకుతారు, లేదంటే తర్వాతి రేవులో ఓడను అందుకునే ఏర్పాటు చూస్తారు. సొంతంగా కొన్నవాళ్లు ఆ సంగతి సొంతంగానే చూసుకోవాలి. ఓడ కంపెనీ టికెట్‌లో ధర ఎక్కువైనా, వెసులుబాటు తక్కువైనా ఓర్చుకునేది ఈ ఒక్క పూచీ కోసం.

ఆ పూచీ మన పాస్‌పోర్టుకు ఎంతవరకు పనికొస్తుందో ఎవరూ చెప్పరు. సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగే అలాస్కా ఓడలు చాలావరకు మధ్యలో కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఊరు చూపించడానికేమో అనుకుంటాం. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఓడలు అమెరికాలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు జనాన్ని చేరవేయకూడదు. బయల్దేరిన రేవుకే తిరిగి వచ్చినా నడుమ పరాయి దేశపు రేవు తాకాలి. విక్టోరియా మజిలీ అందుకే. అందుకని అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా మనవాళ్లకు కావాలి. ఇంకో చిక్కు: సియాటెల్‌లో ఓడ తప్పిపోయి అలాస్కా రేవులో ఎక్కుదామంటే, అక్కడ ఎక్కి సియాటెల్‌లో దిగడం రెండు అమెరికా రేవుల మధ్య ప్రయాణం అయిపోతుంది. అదే చట్టం అడ్డం పడుతుంది. తర్వాతి రేవులో అందుకోవడమనేది కాగితం మీద ఉన్నంత సులువు కాదు.

అందుకే హెడ్మాస్టరు గారికి నేను చెప్పింది ఇంతే. కర్నూలు నుంచి అమెరికా పోయి నెలల తర్వాత తిరిగొచ్చే టికెట్‌కు ఓడతో సంబంధం లేదు, అది మీరే తీసుకోండి. పిల్లలున్న డాలస్ నుంచి సియాటెల్ ముక్క ఒక్కటే ఓడ కోసం. దాన్ని ఎవరి దగ్గర కొన్నా సరే, ముందు రోజు సాయంత్రానికి సియాటెల్ చేరి అక్కడ పడుకోండి. ఒక రాత్రి లాడ్జి ఖర్చు కంపెనీ పూచీ కంటే గట్టిది.

టికెట్ ఎవరి చేతి నుంచి రావాలనే ఈ ప్రశ్నను క్రూజ్ పోయేవాళ్ల కంటే ముందే ఎరిగినవాళ్లు కడప వైపు ఉన్నారు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు పల్లెల నుంచి కువైట్ పోయేవాళ్లు. ఖాదిమ్ వీసా మీద ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు వీసా, టికెట్ ఒకే చేతి నుంచి రావడం మామూలు. పోయేటప్పుడు అది వరమే, చేతి నుంచి రూపాయి పడదు. రెండేళ్లకు తల్లి పోయిందని కబురొస్తే తెలుస్తుంది, టికెట్ తీసినవాడి చేతిలోనే తిరుగు ప్రయాణం తాళంచెవి కూడా ఉందని. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఊఁ అంటేనే విమానం. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని 2015లో అక్కడి చట్టం చెప్పింది. బీరువాలో ఉన్న పాస్‌పోర్టు ఆ సంగతి వినదు. డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పోయి పేరుకు మాత్రమే యజమాని ఉండే ఆజాద్ వీసా మీద ఉన్న మగవాళ్లు అప్పు చేసి టికెట్ తామే కొంటారు. అమెరికా పిల్లల తల్లిదండ్రులకు ఇది సౌకర్యం గురించిన ప్రశ్న. కువైట్ పోయినవాళ్లకు కాదు.

హజ్‌కు పోయేవాళ్ల దగ్గర ఇదే మాట ఇంకో రకంగా ఉంది. ఒకప్పుడు అది నిజంగానే ఓడ ప్రయాణం. కడప మద్రాసు–బొంబాయి రైలు దారిలో ఉంది గనుక ఇక్కడ రైలెక్కి బొంబాయిలో దిగి, జెడ్డా ఓడ ఎక్కేవాళ్లు. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. హజ్ కమిటీ ద్వారా పోతే విమానం వాళ్లదే, విడిగా కొనుక్కుంటామంటే కుదరదు. మన చేతిలో ఉన్నది ఏ ఊళ్లో ఎక్కాలో ఎంచుకోవడం ఒక్కటే. 2023లో విజయవాడనూ విమానం ఎక్కే ఊళ్ల జాబితాలో చేర్చారు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంలో ఎక్కితే హైదరాబాద్, బెంగళూరు కంటే మనిషికి దాదాపు 80 వేలు ఎక్కువ పడింది, ఆ ఏడాది తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరించింది. రాష్ట్రానికి సొంత విమానం వచ్చిందని సంబరపడ్డారు, పడాల్సిందే. కానీ కర్నూలుకు హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న షంషాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు, గన్నవరం 300 దాటుతుంది. కడపవాడికి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరే దగ్గర. పక్క రాష్ట్రపు విమానాశ్రయమే మనకు సొంతూరిది.

ఓడ కంపెనీ అయినా, కఫీల్ అయినా, హజ్ కమిటీ అయినా, వాళ్ల పూచీ పెద్ద విమానాశ్రయం గుమ్మం దగ్గర మొదలవుతుంది. మన ఇంటి నుంచి ఆ గుమ్మం దాకా ఉన్న దారి ఏ ప్యాకేజీలోనూ లేదు. సీమ మనిషి ప్రయాణం చెడేది చాలాసార్లు ఆ ముక్కలోనే. 44వ నంబరు హైవే మీద లారీ అడ్డం పడితే చాలు.

విమానాశ్రయాలు మనకూ ఉన్నాయి. కడపది 2015 జూన్‌లో తెరిచారు, కర్నూలు దగ్గరి ఓర్వకల్లుది 2021 మార్చిలో. ఓర్వకల్లు దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పేరుకు కొదవ లేదు, విమానాలకే కొదవ. ఇవాళ ఉన్న సర్వీసు వచ్చే సీజన్‌కు ఉంటుందో లేదో చూసుకొని మరీ లెక్క వేయాలి. ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు ఒక టికెట్, బెంగళూరు నుంచి విదేశానికి ఇంకో టికెట్ విడివిడిగా కొంటే, మొదటిది లేటై రెండోది పోయినా రెండో కంపెనీకి పట్టదు. పెట్టె కూడా మధ్యలో దించుకొని మళ్లీ ఇవ్వాలి. రెండూ ఒకే పీఎన్‌ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉంటే ముందుకు పంపే బాధ్యత వాళ్లది. ఓడ కంపెనీ టికెట్‌లో ఉన్న మేలు ఇక్కడ మామూలు టికెట్‌లోనే దొరుకుతుంది, అడిగి తీసుకుంటే.

అట్లా ఒకే పీఎన్‌ఆర్ కుదిరితే ఓర్వకల్లు రాసిస్తాను. కుదరకపోతే ముందు రోజు రాత్రి షంషాబాద్‌కు బస్సే.