ఎగిరే పళ్ళెము: నమూనా రాకెట్టుగా దాని విలువ

1947 జూన్ 24వ తేదీన అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు రెయినియర్ పర్వతము దగ్గర తొమ్మిది వింత వస్తువులను చూచితిననెను. నీటిమీద విసరిన సాసరు ఎగిరెగిరి పడినట్లు అవి పోయినవని అతడు చెప్పినది ముఖ్యముగా వాటి నడకను గురించి. పత్రికలు ఆ మాటను ఆకారమునకు అంటగట్టినవి. అట్లు పేరుకెక్కిన ఆకారమునే కాగితముతో చేసి, రాకెట్టు మోటారు నమర్చి ఎగురవేయుట నమూనా రాకెట్ల అభిరుచి గలవారికి ఒక వినోదము. వినోదముగా దీనికి వంక పెట్టనక్కరలేదు. బోధనోపకరణముగా ఎంతవరకు పనికివచ్చునన్నదే ప్రశ్న.

రెండు కాగితపు పళ్ళెములను అంచులు కలిపి అతికి, నడుమ మోటారు గొట్టమును దూర్చుట దీని సాధారణ నిర్మాణము. 2.5 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టము కంటె 23 సెంటీమీటర్ల పళ్ళెము గాలికి ఎదురొడ్డు వైశాల్యము సుమారు 85 రెట్లు. కనుక ఇది ఎంతో ఎత్తు పోదు. కొందరు దీనిని లోపమందురు, నేను గుణమందును. ఆద్యంతము విద్యార్థి కంటి ముందే ఉండును. దిగుటకు పారాచూటు కూడ అక్కరలేదు.

నా అభ్యంతరము మరొకటి. ఇది నిటారుగా ఎందుకు పోవలెను? మన తారాజువ్వకు పొడవైన పుల్ల గలదు. ఆ పుల్ల వలన గాలి ఒత్తిడి పనిచేయు కేంద్రము జువ్వ గరిమనాభికి వెనుకబడును. జువ్వ ప్రక్కకు వంగినచో గాలియే దానిని సరిదిద్దును. పళ్ళెమునకు పుల్లయు లేదు, రెక్కలును లేవు. దాని వెడల్పయిన అడుగు వెనుక గాలి పీడనము తగ్గి, తోక పట్టి లాగినట్లు వెనుకకు లాగును. 1966లో జేమ్స్ బారోమన్ చూపిన ప్రసిద్ధ గణన పద్ధతి సన్నని రాకెట్లకు ఉద్దేశించినది. ఈ లాగుడు దానిలోనికి రాదు. అందుచే కొందరు పళ్ళెము వెనుక, దాని వ్యాసమునకు 3.14 రెట్లు పొడవుగల బరువులేని శంకువొకటి ఉన్నట్లు ఊహించి లెక్క వేయుదురు. పనికివచ్చు ఉపాయమే గాని సిద్ధాంతము కాదు. మోటారును వెనుకకు జరిపినకొలది గరిమనాభియు వెనుకకు పోయి పళ్ళెము గిరికీలు కొట్టవచ్చును. ఈ సంగతి విడిచి "అతికి ఎగురవేయుడు" అనుట వంట చెప్పినట్లే గాని విజ్ఞానము చెప్పినట్లు కాదు.

ఇంకొక మాట. ఇంట చేసినదనుట పళ్ళెమునకే చెల్లును, మందుకు చెల్లదు. 1954లో ఆర్విల్ కార్లైల్ చేసిన నమూనాలను హారీ స్టైన్ 1957లో ప్రచారములోనికి తెచ్చినది, బాలురు స్వయముగా మందు కూరి గాయపడుచుండుట ఎరిగియే. తయారై వచ్చిన మోటారునే వాడవలెనన్నది ఆ అభిరుచికి మొదటి నియమము. మన దేశములో ప్రేలుడు పదార్థముల తయారీని 1884 నాటి చట్టము లైసెన్సుకు లోబరచినది.

మోటారు లేకయే పాఠము చెప్పవచ్చును. గట్టి కాగితముతో వెడల్పయిన శంకువు చేసి, మొన లోపల కొంచెము బంకమన్ను అంటించి, మొన పైకుండునట్లు మేడమీదినుండి వదలవలెను. గాలిలో తిరగబడి మొన క్రిందుగా దిగును. పిదప చదునైన అట్టబిళ్ళను వదలినచో ఊగుచు, దొర్లుచు వచ్చును. ఈ తేడాకు కారణము చెప్పగలిగిన విద్యార్థికి పిమ్మట పళ్ళెము నిచ్చి, మోటారు ఎక్కడ అమర్చవలెనో అతనినే గుర్తు పెట్టుమనవచ్చును.