గోడ తాగిన నీళ్ళు

వరదలో మునిగిన ఇంటిని బాగుచేయడం అనగానే అందరికీ ముందు కడగడమే గుర్తుకొస్తుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద విజయవాడ మీద పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగాయి. నీళ్ళు తీశాక ఆ వీధుల్లోకి ఫైరింజన్లు వచ్చాయి. సిబ్బంది రెక్కలు ముక్కలు చేసుకుని రోడ్లూ ఇళ్ళూ కడిగారు. అది చెయ్యాల్సిన పనే. కానీ కడగడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. అక్కణ్ణుంచి నెలల తరబడి సాగేది ఆరబెట్టడం. దాన్ని ఎవరూ పనిగా లెక్కేయరు. సాయం జాబితాల్లోనూ దానికి చోటుండదు. ఇళ్ళు పాడయ్యేది మాత్రం ఎక్కువగా అక్కడే.

మా పిన్ని వాళ్ళది సింగ్ నగర్‌లో కింది అంతస్తు. నీళ్ళు తీశాక చూస్తే స్విచ్ బోర్డులకి పైన, గోడల చుట్టూ గోధుమరంగు చార ఉంది. దసరాకల్లా రంగులు వేయించేయాలని పిన్ని పట్టుదల. ఆ చార కంటపడకుండా పోతే చాలనుకుంది. తాపీ మేస్త్రీ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఇది తాగిన నీళ్ళు ఇంకా కక్కలేదండీ. ఇప్పుడు లప్పం పెట్టామంటే సంక్రాంతికి పెచ్చులూడిపోద్ది" అన్నాడు. చేతికొచ్చే పనిని వద్దని చెప్పిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. ఈ పనిలో అసలు తెలివంతా ఆ మాటలో ఉందని నా నమ్మకం.

ఇటుక నీళ్ళు పీలుస్తుంది. వరద మూడడుగుల ఎత్తున నిలిస్తే చెమ్మ అంతటితో ఆగదు. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా ఇంకా పైకి పాకుతుంది. దిగడానికి మాత్రం తొందరపడదు. మందం అంగుళానికి ఒక నెల చొప్పున గోడ ఆరుతుందని ఈ పని తెలిసినవాళ్ళు ఒక అంచనా చెబుతారు. ఆ లెక్కన బయటి తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు. ఎండా గాలీ బాగా తగిలితే ఇంకాస్త ముందే ఆరొచ్చు. కానీ మన కోస్తాలో సెప్టెంబరులో వరదొస్తే, వెనకాలే అక్టోబరు, నవంబరు వానలూ తుపాన్లూ ఉంటాయి. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు గోడ తన తేమను ఎవరికిస్తుంది? సంక్రాంతి దాటాక గానీ ఆరడం అసలు మొదలైనట్టు కాదు. అందుకే బెజవాడ ఎండల్ని ఈ ఒక్క విషయంలో నేను మనసారా మెచ్చుకుంటాను.

ఈలోగా చెయ్యకూడని పని ఒకటుంది. తడి గోడ మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వెయ్యడం. ఆ పూత నీటి ఆవిరిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కుకున్న తేమ రంగును పొక్కులుగా లేపుతుంది, ఉప్పు తెల్లగా తేలుతుంది, బీరువా వెనక బూజు పడుతుంది. అప్పటికీ గోడ బోసిగా ఉందని బాధనిపిస్తే సున్నం కొట్టించుకోండి. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, బూజుకీ అంత సులువుగా లొంగదు. గోడ ఆరిందో లేదో తెలియాలంటే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. తీసి చూస్తే లోపలివైపు చెమ్మ పట్టిందా, పెయింటరును వెనక్కి పంపెయ్యడమే. ముట్టుకుంటే పొడిగా అనిపించే గోడ ఈ పరీక్షలో తప్పడం మామూలే.

అసలు వరుస ఇలా ఉండాలి. కరెంటు మెయిన్ ఆపాలి. ఏదీ ముట్టుకోకముందే ఫొటోలు తీసుకోవాలి, నీటి చార కనబడేలా. ఒండ్రును తడిగా ఉండగానే తోసెయ్యాలి. ఎండిందంటే గునపం కావాలి. సామాను ఎంత పాడైనా బయటికి చేర్చాలి. తడిసిన పరుపు ఇంట్లో ఉన్నంతసేపూ ఏ గదీ ఆరదు. దూది పరుపుల మీద ఆశ వదులుకోవలసిందే. పార్టికల్ బోర్డు కప్‌బోర్డులూ అంతే, ఉబ్బితే మళ్ళీ మామూలుకి రావు. టేకు తలుపులు మాత్రం నీడలో నెమ్మదిగా ఆరనిస్తే చాలావరకు నిలబడతాయి. ఇక బ్లీచింగ్ చల్లేటప్పుడు ఒక జాగ్రత్త. బాత్రూం యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. కిటికీలు రోజంతా బార్లా తెరిచి ఉంచడం మంచిదనుకుంటాం. కానీ వాన పడేటప్పుడూ తెల్లవారుజామునా బయటి గాలే ఎక్కువ తడిగా ఉంటుంది, అప్పుడు మూసేసి మధ్యాహ్నం పూట ఎదురెదురు కిటికీలు తెరవాలి. ఫ్యాను గాలి గోడ వెంబడి పోయేలా పెట్టాలి. కానీ గోడల్లోని వైరు గొట్టాల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ బోర్డులు విప్పి, గొట్టాల్లోకి గాలి కొట్టి, మెగ్గర్ మీటరుతో ఇన్సులేషన్ పరీక్షించి సరేననేదాకా ఆ ఇంటి కరెంటు జోలికి పోకూడదు.

మిషన్లదీ ఇదే సంగతి. తడిసిన మోటారుకి వెంటనే కరెంటిస్తే వైండింగ్ కాలిపోతుంది. విప్పి, మంచినీళ్ళతో ఒండ్రు కడిగి, సన్నటి వేడిలో పూర్తిగా ఆరబెట్టి ఇన్సులేషన్ చూసుకుంటే చాలా మోటార్లు బతుకుతాయి. మునిగిన బైకుదీ ఆటోదీ కథ ఇంతే. సిలిండర్‌లోకి నీరు చేరిందని తెలియక స్టార్టు కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ఇంజిన్ ఆయిల్ చూడాలి. అది పాల టీ రంగుకి తిరిగిందంటే నీళ్ళు కలిసినట్టే. ఇంట్లో జాకెట్లు కుట్టి సంసారం నడిపే ఆడవాళ్ళకి కుట్టు మిషనే దుకాణం. దాన్ని విప్పి కిరోసిన్‌తో కడిగి, తుడిచి, నూనె వేస్తే మళ్ళీ తిరుగుతుంది. తుప్పు పట్టకముందే చెయ్యాలి, అంతే.

కాగితాల విషయంలో నన్ను ఆశ్చర్యపరిచిన పాఠం ఇటలీది. 1966 నవంబరులో ఆర్నో నది ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయం పుస్తకాలు లక్షల్లో బురదపాలయ్యాయి. దేశదేశాల కుర్రాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వాటిని పైకి తెచ్చారు. కొన్నింటిని పొగాకు ఆరబెట్టే బ్యారన్లకి తరలించారు. ఉమ్మడి పశ్చిమగోదావరి మెట్ట రైతులకి కొత్తగా వివరించనక్కర్లేని చోటు అది. తడి కాగితాన్ని గడ్డకట్టిస్తే బూజు ఆగుతుందన్న పద్ధతి కూడా తర్వాతి ఏళ్ళలో స్థిరపడింది. మనింట్లోనూ అది పనికొస్తుంది. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది కనుక, ఆరబెట్టే తీరిక లేకపోతే దస్తావేజుల్నీ సర్టిఫికెట్లనీ పాలిథిన్ సంచిలో పెట్టి పై అంతస్తు వాళ్ళ ఫ్రీజర్లో ఉంచమని అడగండి. అతుక్కున్న పెళ్ళి ఫొటోల్ని లాగొద్దు. చల్లటి మంచినీళ్ళలో నాననిచ్చి, విడిపోయాక దండెం మీద క్లిప్పులతో నీడలో ఆరేయండి.

బుడమేరు వరద తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చింది. ఆ డబ్బు మంచానికీ స్టవ్‌కీ మిక్సీకీ సరిపోయి ఉంటుంది, కొందరికి అదీ చాలలేదు. మళ్ళీ ఎప్పుడైనా ఈ పరిస్థితి వస్తే వార్డు సచివాలయాల్లో పెద్ద ఫ్యాన్లూ, తేమ లాగే మిషన్లూ, తేమ కొలిచే మీటర్లూ ఉంచి ఇంటింటికీ వంతులవారీగా ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఒక వీధికి సరిపడా సరంజామాకి అయ్యే ఖర్చు పెద్దది కాదు. గోడలు తొందరగా ఆరితే పిల్లల దగ్గులూ ఆయాసాలూ కొన్నైనా తగ్గుతాయి.

ఈ ఆరని గోడల భారం ఎక్కువగా మోసేది అద్దెకుండేవాళ్ళు. ఓనరు పైపైన రంగేసి టు-లెట్ బోర్డు పెడతాడు, దగ్గు అద్దెకొచ్చినవాళ్ళకి వస్తుంది. అందుకే మునిగిన పేటల్లో ఇల్లు చూసుకునేవాళ్ళు కొత్త రంగు చూసి ఒప్పేసుకోవద్దు. గోడ బీరువా తలుపు తీసి వాసన చూడండి, వెనకగోడ మీద చెయ్యి పెట్టండి, స్విచ్ బోర్డు స్క్రూలకి తుప్పుందేమో గమనించండి. వైరింగ్ ఎప్పుడు మార్చారో ఓనరును అడగండి. ఇదంతా అడ్వాన్సు చేతిలో పెట్టకముందే.