బిల్లు అడగని ముంగిలి

మా వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం గట్టున పొద్దంతా కూర్చున్నా ఎందుకు కూర్చున్నావని అడిగేవాళ్లుండరు. అదే మూసీకి ఎగువన, హైదరాబాదులో, రాతితో కట్టిన అలాంటి చోటొకటి ఉంది. మొజంజాహీ మార్కెట్.

ఆ కట్టడం కథ వెనక కూడా మూసీయే ఉంది. 1908 వరద నగరాన్ని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు వాడలను విప్పి రోడ్లు వేసింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాలు లేపింది. బోర్డుకు అధ్యక్షుడైన మొజంజా ఏడో నిజాం రెండో కొడుకు. 1935 నాటి ఈ మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు.

రోడ్లు కలిసే మూల జాగా అది. మూల జాగా అంటే ఏ మేస్త్రీ అయినా నసుగుతాడు. ఇక్కడి పనివాళ్లు ఆ మూలనే ముఖం చేశారు! కొస మీద గడియారపు బురుజు నిలిపారు. దానికి అటూ ఇటూ దుకాణాల వరసలను రెండు చేతుల్లా వెనక్కి చాపారు. ఆ చేతుల నడుమ, ఆకాశం కింద, ముంగిలి. గట్టి గ్రానైటును కమానుగా వంచిన తీరు దగ్గరికెళ్లి చూడాలి. బరువంతా రాయి మోస్తుంది, కంటికి మాత్రం తేలిగ్గా ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న రంగులు గీకి, బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచాక ఆ రాయి అసలు మొహం కనబడింది.

ఈ కాలపు బజారైన మాల్‌లోనూ పనితనం ఉంది, కాదనను. చల్లగాలి, కిటికీల్లేని గోడలు, ఎస్కలేటర్లు మనిషిని కొట్టు నుంచి కొట్టుకు నడిపిస్తాయి. కానీ గుమ్మంలోనే సంచి తెరవాలి. లోపల ఎక్కడ కూర్చోవాలో, ఏం ఫొటో తీయాలో యజమాని ఇష్టం. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్ పార్కింగుకు మొదటి అరగంట ఉచితమంది. ఆపైన ఉచితం కావాలంటే కొన్న బిల్లు చూపాలి. మాల్‌లో మనం ఉండే సేపుకు కొలత ఆ కాగితమే.

మార్కెట్ ముంగిట్లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తినేవాళ్లుంటారు, ఊరికే నిలబడేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ గడియారం ఒకే టైము చూపిస్తుంది.

మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో కొత్త మార్కెట్లు కట్టించేవాళ్లు ప్లాను గీయించే ముందు ఒకసారి అక్కడికి వెళ్లండి. ఏమీ కొనకుండా గంటసేపు కూర్చోండి. మీ ప్లానులో కూడా ఒక ముంగిలి వదలండి.