సిర్ర అందరి చేతికీ వచ్చింది

నా దగ్గర చదువుకున్న పిల్లల పుస్తకానికి ముందుమాట రాయడం ఇదే మొదటిసారి. పిల్లలు అంటున్నాను గానీ, వాళ్లలో ఇద్దరు ఇప్పటికే తాతలయ్యారు. ఎల్లారెడ్డి దగ్గరి ఒక సర్కారు బడిలో 1987-88లో పదో తరగతి చదివిన బ్యాచ్ వీళ్లది. ముప్పై ఏళ్లకు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. మన దిక్కు ఎండాకాలం సెలవులొస్తే ఏదో ఒక బడిలో ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. సార్లకు శాలువాలు, గ్రూపు ఫొటో, మటన్ కూర, పొద్దుగూకేసరికి ఎవరి బండి వాళ్లది. వీళ్లదీ అట్లాగే ముగిసేది. కానీ భోజనాలయ్యాక ఒకతను కారు డిక్కీలోంచి డప్పు తీశాడు.

అతని గురించి ముందు చెప్పాలి. వాళ్ల నాయిన ఊరి డప్పు మనిషి. పెళ్లి ఊరేగింపైనా, బోనాలైనా, శవయాత్రైనా, పంచాయతీ చాటింపైనా ఆయన లేకుండా జరిగేది కాదు. ఆగస్టు పదిహేనుకు మా బడిలో బ్యాండు ఉండేది: ఒక పెద్ద డ్రమ్ము, నాలుగు చిన్న డ్రమ్ములు, ఒక బ్యూగుల్. పిల్లల్ని ఎంపిక చేసే పని నాదే. ఈ అబ్బాయి వేళ్లు పాఠం నడుస్తుంటే బెంచీ మీద ఆడుతూనే ఉండేవి. ఆ వేళ్లలో ఏముందో నాకు తెలుసు. తెలిసీ అల్లరి అని నిలబెట్టాను. తెల్ల బూట్లు కొనుక్కోగలిగిన వాళ్లకు డ్రమ్ములిచ్చాను. ఈ పుస్తకంలో అతను ఆ సంగతి ఎక్కడా రాయలేదు. అందుకే ఇక్కడ నేను రాస్తున్నాను.

ఆ సాయంత్రం అతను కొడుతుంటే మిగతావాళ్లు ఎగిరారు. అలసిపోయి కూర్చున్నాక ఒకరు అడిగారు, ‘మాకు గూడ నేర్పుతవారా?’ అని. అట్లా పద్నాలుగు మంది జట్టయ్యారు. దాదాపు సగం మంది కామారెడ్డిలో స్థిరపడ్డారు, మిగతావాళ్లలో ఎక్కువమంది ఎల్లారెడ్డి చుట్టుపక్కలే ఉన్నారు. కాబట్టి నెలకొక ఆదివారం నడిమధ్యన లింగంపేటలో, నాగన్న బావికి కాస్త అవతల ఒక మామిడి తోటలో కలుస్తారు. ముందుగా వరిగడ్డి మంట. మేకతోలు తేమకు సాగి మెత్తబడుతుంది; కాచితే తప్ప పలకదు. మరలు బిగించే ఫైబరు డప్పులు వచ్చాయి, వాటికి మంటతో పని లేదు. వీళ్లు మాత్రం తోలు డప్పే పట్టుకున్నారు. మంట చుట్టూ చేరి తిప్పుతూ కాచే ఆ పావుగంటలోనే నెల కబుర్లన్నీ అయిపోతాయని ఒకామె రాసింది. ఈ జట్టులో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఈ మాట రాసినామె అంగన్‌వాడీ టీచరు.

కుడిచేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమ చేతి వేళ్ల సందున సన్నని చిటికెన పుల్ల. రెండూ రెండు మాటలు చెబుతాయి. యాభైకి దగ్గరపడ్డ చేతులకు అవి కలవడానికి నాలుగు నెలలు పట్టిందట. పద్నాలుగు డప్పుల్లో ఒకటి రవ్వంత ముందుకు పోయినా అందరికీ తెలుస్తుంది. ఆ తొందరపడే మనిషి ఎప్పుడూ బ్యాంకులో పనిచేసే మిత్రుడే. బడిలోనూ ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తేవాడు. ‘జర ఆగురా, నీ బస్సేం పోతలేదు’ అని అందరూ ఒక్కసారే అరుస్తారు. నేను రెండుసార్లు వెళ్లి కూర్చున్నాను. అంత నవ్వు నా తరగతి గదిలో ఎన్నడూ వినలేదు.

జట్టులో ఒక ముస్లిం మిత్రుడు పీర్ల పండుగ దెబ్బ పట్టుకొచ్చాడు, అలావ మంట చుట్టూ తిరుగుతూ చిన్నప్పుడు విన్నది. దుబాయిలో ఉన్న ఇంకొకతను క్యాంపులో మంచం పట్టె మీద సాధన చేసి, సెలవుకు రాగానే విమానాశ్రయం నుంచి నేరుగా తోటకు వచ్చాడు.

అమెరికాలో డ్రమ్ కోర్ అని పెద్ద పెద్ద డ్రమ్ము జట్లు ఉంటాయి. కుర్రవాళ్ల జట్లలో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లు దాటితే చోటుండదు. ఆ వయసు దాటినవాళ్లు, తల నెరిసినవాళ్లు, పూర్వ సభ్యుల జట్లు కట్టుకుని మళ్లీ మైదానంలోకి వస్తారు. అది ఒకప్పుడు దక్కినదాన్ని మళ్లీ అందుకోవడం. వీళ్లలో పదమూడు మందికి అప్పుడు దక్కనిది ఇప్పుడు దక్కింది. దక్కకుండా అడ్డుపడింది వయసు కాదు, కులం.

డప్పుకు ఈ గౌరవం ఊరికే రాలేదు. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు, పరుల ఆజ్ఞలు చాటిన వాద్యం సొంత మాట చాటింది. 2002 సెప్టెంబరు 30న తొలి తెలంగాణ ధూం ధాం జరిగింది మన కామారెడ్డిలోనే. పాటతో పాటు డప్పు ఆ వేదిక మీద నడిమధ్యకు వచ్చింది. అయినా ఇంటి గడప వేరు. కిరాణా దుకాణం నడిపే మిత్రుడు డప్పుతో ఇంటికి పోతే వాళ్లమ్మ ‘మనింట్ల డప్పేందిరా’ అని రెండు రోజులు మాట్లాడలేదట. ఆ అధ్యాయాన్ని అతను దాచకుండా రాసినందుకు నా అభినందనలు.

పుస్తకంలో నన్ను కదలకుండా కూర్చోబెట్టింది తొమ్మిదో అధ్యాయం. జట్టులో ఒకరు హఠాత్తుగా పోయారు. మిగిలిన పదమూడు మందీ పాడె ముందు నడిచి కొట్టారు. కిరాణా మిత్రుడు అందరికన్నా ముందున్నాడు. ఆ ఊళ్లో యాభై ఏళ్లు శవయాత్రల ముందు నడిచిన పెద్దాయన, వీళ్లకు డప్పు నేర్పిన అబ్బాయి నాయిన, ఆ రోజు అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. చేతిలో ఏమీ లేదు. దెబ్బ మార్చాల్సిన చోట వేలు మాత్రం ఎత్తి చూపారు, పదమూడు మందీ మార్చారు. ఇంతకుమించి అలంకారం లేకుండా రాశారు. రాయవలసిన తీరు అదే.

ఒక్క కొరత చెబుతాను, గురువుగా చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. దెబ్బల గురించి ఆరు పేజీలే ఉన్నాయి. పెళ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు అన్నారు గానీ, ఏది ఎట్లా నడుస్తుందో విప్పి చెప్పలేదు. పెద్దాయనకు ఎనభై దాటాయి. మొన్న కలిసినప్పుడు, వాన కోసం కప్పతల్లి ఆడినప్పటి దెబ్బ ఒకటి నా మోకాలి మీద వాయించి చూపారు. అది ఈ పుస్తకంలో లేదు. బిడ్డలారా, రెండో ముద్రణ దాకా ఆగకండి. వచ్చే ఆదివారం తోటకు కాదు, ఆయన అరుగు మీదికి పొండి.