రాయి పైపొర

ఖనిజాన్ని నురుగుతో తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్ సెల్ ముందు తొలిసారి నిలబడ్డవాళ్లు నమ్మలేనట్టు చూస్తారు. సీసం దొరికే గెలీనా నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. ఆ పొడి గాలిబుడగల్ని పట్టుకుని పైకొచ్చి, నురుగులో మెరుస్తూ అంచు దాటి పడుతుంది. దానికంటే ఎంతో తేలికైన క్వార్ట్జ్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. టన్ను రాయికి కొన్ని పదుల గ్రాముల జాంథేట్ వేస్తే జరిగే పని ఇది. ఎన్నేళ్లు చూసినా నాకు విసుగు రాలేదు.

జాంథేట్ అణువుకు ఒక కొస గంధకం, రెండో కొస చిన్న హైడ్రోకార్బన్ తోక. గంధకం వైపు ఖనిజాన్ని పట్టుకుంటుంది, తోక నీళ్ల వైపు నిలుస్తుంది. అప్పుడా రేణువు చేమాకులా నీళ్లంటనిదవుతుంది, గాలిబుడగకు అతుక్కుంటుంది. ఇందుకు ఒక్క అణువు మందం పొర చాలు, అదీ నిండుగా కప్పనక్కర్లేదు. 1930లలో ఆస్ట్రేలియాలో వార్క్, కాక్స్ అనే పరిశోధకులు ఇలాంటి ఖనిజాల మీద గాలిబుడగ ఎంత కోణంలో అతుక్కుంటుందో కొలిచారు. ఇథైల్ జాంథేట్ పట్టాక గెలీనా మీదా, ఇనుప ఖనిజం పైరైట్ మీదా, రాగి ఖనిజం చాల్కోపైరైట్ మీదా దాదాపు ఒకటే కోణం: 60 డిగ్రీలు. తోక పొడవు పెంచితే కోణం పెరిగింది. లోపల ఏ రాయి ఉందో బుడగకు అక్కర్లేదు. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అంకె ఈ 60.

అయితే ఆ గంధకపు కొస రాయిని ఎలా పట్టుకుంటుంది? జాంథేట్‌ను 1820లలోనే డెన్మార్క్ రసాయనవేత్త జైజ్ తయారుచేశాడు. అది ఫ్లోటేషన్‌కు పనికొస్తుందని కెల్లర్ అనే ఆయన పేటెంట్ పొందింది 1925లో. ఎందుకు పనిచేస్తుందన్న వాదన ఆ తర్వాత ఇంకా కొన్ని దశాబ్దాలు నడిచింది. చాలా సల్ఫైడ్ ఖనిజాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయన్న సంగతిని పట్టుకున్నవాళ్లే చివరికి చిక్కు విప్పారు. రేణువు మీద ఒకచోట జాంథేట్ ఎలక్ట్రాన్ వదులుతుంది, మరోచోట నీళ్లలో కరిగిన ఆక్సిజన్ దాన్ని అందుకుంటుంది. గెలీనా మీద సీసపు జాంథేట్ ఏర్పడుతుంది. పైరైట్ మీద రెండు జాంథేట్లు కలిసి నూనెలాంటి డైజాంథోజెన్ అవుతాయి.

అంటే గాలి తగలకపోతే జాంథేట్ సరిగా పట్టదు. ఎక్కువసేపు తగిలినా చిక్కే. రేణువు మీద సల్ఫేట్లు, కార్బొనేట్లు పేరుకుంటాయి, వేసిన జాంథేట్ వాటితోనే ఖర్చయిపోతుంది. ల్యాబ్‌లో కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చి, “సార్, నిన్న వేసిన డోసే వేశాను, నురుగు తెల్లగానే ఉంది” అంటారు. సీసం తేలినప్పుడు నురుగు మీద పరుచుకునే బూడిదరంగు మెరుపు ఉండదన్నమాట. నేను డోసు సంగతి అడగను. “మిల్లులోంచి తీసి ఎంతసేపైంది?” అని అడుగుతాను. చాలాసార్లు పొడి రాత్రంతా తడిగా బకెట్‌లో ఉండి ఉంటుంది. అప్పటికప్పుడు ఆడించిన పొడికి అదే డోసు వేస్తే బుడగలకు ఆ బూడిదరంగు రావడం కళ్లారా చూడొచ్చు.

తేలడం తగ్గగానే జాంథేట్ పెంచే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పెంచినదంతా సీసానికి దక్కదు. పైరైట్ ఆ వాటా అందుకుని తానూ పైకొస్తుంది, తేలిన ఖనిజం (కాన్సంట్రేట్) నాణ్యత పడిపోతుంది.

ఇక జింకు ఖనిజం స్ఫాలరైట్ దారి వేరు. జింకు జాంథేట్ నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి మామూలు డోసుకు అది లొంగదు. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో ఒకప్పుడు జింకంతా వ్యర్థాల గుట్టల్లోకే పోయేది. అక్కడే 1913 ప్రాంతంలో బ్రాడ్‌ఫర్డ్ అనే ఆయన మైలుతుత్తం వాడి చూపించాడు. మన రైతులు తెగుళ్లకు వాడే మైలుతుత్తమే. రాగి అయాన్లు రేణువు పైపొరలోని జింకును తోసి ఆ చోట కూర్చుంటాయి. ఇక జాంథేట్‌కు అది రాగి రాయిలాగే కనిపిస్తుంది. సీసం, జింకు కలిసిన రాయికి చాలా ప్లాంట్లలో ఇప్పటికీ వరుస ఇదే: జింకు సల్ఫేట్, సైనైడ్‌లతో జింకును అణచి ముందు సీసం తీస్తారు, తర్వాత మైలుతుత్తంతో జింకును లేపుతారు, పైరైట్‌ను సున్నంతో తొక్కిపెడతారు. పేచీ ఎక్కడంటే, రాయిలోంచి కరిగిన సీసం, రాగి అయాన్లు ప్లాంటులో మళ్లీ వాడే నీటితో వచ్చి ఎవరూ చెప్పకుండానే జింకును లేపేస్తాయి. సీసపు నురుగులో జింకు కనబడితే నేను ముందు నీళ్లు పరీక్షించమంటాను.

రాయిని పొడిచేసే మిల్లులోని ఇనుప బంతులనూ మర్చిపోకూడదు. అరుగుతూ అవి నీళ్లలో ఆక్సిజన్‌ను తినేస్తాయి, ఇనుప హైడ్రాక్సైడ్‌ను రేణువుల మీద పూస్తాయి. కాబట్టి పీహెచ్‌తో పాటు కరిగిన ఆక్సిజన్, పల్ప్ (పొడి కలిసిన నీళ్ల) పొటెన్షియల్ కూడా రోజూ రాసిపెట్టాలి. జాంథేట్ పంపుకు మీటరు పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ రెండు కొలతల మీద పెడితే ఎంతో లోహం వ్యర్థాల్లోకి పోకుండా ఆగుతుంది. పొటెన్షియల్ కొలిచే ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద కూడా పల్ప్‌లోని మడ్డి పొరలా పేరుకుంటుంది. షిఫ్టుకోసారి తీసి తుడవకపోతే, అది చెప్పేది తన మీద పేరుకున్న మడ్డి సంగతే.